అతిథి తిన్నాకే క్రిస్మస్

మొన్నటి శుక్రవారం పొద్దున్న మా అమ్మాయికి జడలు వేస్తున్నాను. దోహాలో ఆదివారం పనిదినం కాబట్టి మా ఆరాధన శుక్రవారమే జరుగుతుంది. ఆ పూట ఇంట్లో ఎప్పుడూ హడావుడే. ఒక జడ అయింది. రెండోదానికి పాయలు తీస్తుంటే ఎవరో తలుపు తట్టారు. పక్క వాటాలో ఉండే అబ్బాయి, నన్ను అక్కా అని పిలుస్తాడు. రాత్రంతా ఆసుపత్రిలో వాళ్లమ్మ దగ్గర కూర్చున్న మనిషి, చొక్కా నలిగిపోయి ఉంది.

"అమ్మ వెళ్లిపోయిందక్కా," అన్నాడు.

నేను దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లోపల మంచం మీద నా ఫోను మోగుతూనే ఉంది. క్రిస్మస్ తగ్గింపు ధరలంటూ దుకాణాలు పంపే సందేశాలు. ఒకటి ఆగేలోపు ఇంకొకటి. మా అమ్మాయి కెజియా లోపలికి వెళ్లి ఫోను నోరు నొక్కేసి వచ్చింది. అప్పుడుగానీ నాకు ఏడుపు రాలేదు.

వెళ్లిపోయినావిడను మా విల్లాలో అందరం సిస్టరమ్మ అని పిలిచేవాళ్లం. తోబుట్టువని కాదు, నర్సు కాబట్టి. మా పిల్లలకు మాత్రం మామ్మ. తెనాలి దగ్గర ఒక పల్లె ఆవిడది. నాన్నగారు ఆ ఊరి చిన్న చర్చిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి. నర్సింగ్ చదివి, నలభై ఏళ్ల కిందట ఖతార్ పడమటి తీరాన దుఖాన్‌లో చమురు కంపెనీ ఆసుపత్రిలో ఉద్యోగానికి వచ్చారు. పెళ్లి, కొడుకు, భర్త పోవడం, రిటైరవడం, అన్నీ ఈ దేశంలోనే. ఆ తర్వాత కొడుకూ కోడలితో దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో, వాటాలుగా విడగొట్టి అద్దెకిచ్చిన ఒక పాత విల్లాలో ఉన్నారు. మధ్యలో ఒకే గోడ, అవతల వాళ్లు, ఇవతల మేము.

ఆవిడ ఎవరినీ "బావున్నావా" అని అడిగేవారు కాదు. "నీళ్లు తాగావా?" అని అడిగేవారు. ఆగస్టు ఎండలో ఏసీ బాగుచేయడానికి వచ్చిన పఠాన్‌ని "పానీ పియా?" అని అడిగి, అతను తలూపినా నమ్మకుండా గ్లాసు చేతికిచ్చేవారు. పిల్లలు ఎదురుపడితే చేతిని తిప్పి, వేళ్ల వెనకవైపుతో నుదురు తాకి చూసేవారు. జ్వరం లేదని తేలాకే పలకరింపు. ఎంత ఉక్కలోనైనా గంజి పెట్టిన నేత చీరే కట్టేవారు. చెవి మిషను కొడుకు కొనిచ్చాడు గానీ అది సొరుగులోనే ఉండేది. "నాకు కావలసినవన్నీ వినపడుతున్నాయిలే," అనేవారు. పాస్టరుగారి ప్రసంగం ఎక్కువసేపు సాగితే మాత్రం ఆ మాట తిరగేసి, "ఇవాళ మిషను పెట్టుకోకపోవడమే మంచిదైంది," అని నా చెవిలో గట్టిగా అనేవారు. ఆవిడ దృష్టిలో అది గుసగుస. ముందు వరసలో వాళ్లు కూడా వెనక్కి తిరిగేవారు.

లూడోలో మా అబ్బాయి జోయెల్‌ని నిర్మొహమాటంగా మోసం చేసేవారు. వాడు పట్టుకుంటే, "పెద్దదాన్ని, చూపు ఆనలేదురా," అనేవారు. సూదిలో దారం మాత్రం కళ్లజోడు లేకుండానే ఎక్కించేవారు.

ఆవిడ గురించి రాయాలంటే నా డిసెంబరు నెలల గురించి కొంచెం చెప్పాలి.

మాది గుంటూరు. నా చిన్నప్పుడు క్రిస్మస్ అంటే ఇంటికి సున్నం, వాకిట్లో వెదురుబద్దలతో కట్టిన నక్షత్రం, అమ్మమ్మ వండే అరిసెలు, గుమ్మం ముందుకొచ్చి పాటలు పాడే క్యారల్స్ గుంపు. ఇక్కడికి వచ్చి ఇద్దరు పిల్లలు పుట్టాక అది ఎప్పుడు ఎలా మారిందో నాకే తెలియలేదు. ఆఫీసులో చీటీలు తీసి ఒకరికొకరు బహుమతి ఇచ్చుకోవడం ఒకటి. చర్చి మహిళా సమాజంలో అలాంటిదే ఇంకొకటి. పిల్లల స్నేహితులకు, టీచర్లకు, ట్యూషన్ మిస్‌కి. ఊరెళ్లేవాళ్ల పెట్టెలో పెట్టి పంపడానికి అత్తగారింటికీ పుట్టింటికీ పెర్‌ఫ్యూములు, చాక్లెట్లు. నలుగురం ఒకే రంగులో ఫోటో దిగడానికి బట్టలు. డిసెంబరు పద్దెనిమిదిన వచ్చే నేషనల్ డే సెలవుల్లో ఊరంతా మాల్స్‌లోనే ఉంటుంది. పార్కింగ్ కోసం నాలుగు అంతస్తులు చుట్టూ తిరుగుతూ మావారూ నేనూ పోట్లాడుకోని డిసెంబరు లేదు. ఆయన కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ ఇంజనీరు. వారమంతా దుమ్ములో నిలబడి వచ్చిన మనిషి, సెలవు రోజున బొమ్మల దుకాణం ముందు సంచులు పట్టుకుని నిలబడాలి. కోపం రాదా మరి.

కొన్నేళ్ల కిందటి మాట ఇది. అప్పటికి సిస్టరమ్మ వాళ్లు పక్కకు వచ్చి ఎన్నాళ్లో కాలేదు. క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం. ఫోటోకి కావలసిన రంగులో జోయెల్‌కి బూట్లు దొరకలేదు. దొరికినవి వాడి కాలికి పట్టలేదు. మావారు కారులోనే, "వచ్చే ఏడు నన్ను పిలవకు, నువ్వూ నీ పండగానూ," అన్నారు. ఇల్లు చేరాక పిల్లల్ని తీసుకుని ఆయన లోపలికి వెళ్లిపోయారు. నేను సంచులన్నీ వాకిట్లో పడేసి మెట్టు మీద కూలబడ్డాను. ఎందుకు ఏడుస్తున్నానో నాకే సరిగా తెలియని ఏడుపు.

సిస్టరమ్మ వాళ్ల వైపు గుమ్మంలోంచి చూసి వచ్చారు. పక్కన కూర్చోవడానికి ఆవిడకు కొంతసేపు పట్టింది, మోకాళ్ల నొప్పి.

"నీళ్లు తాగావా?"

తాగలేదని తలూపాను. ఆవిడే వెళ్లి తెచ్చిచ్చారు. తాగేదాకా ఆగి, సంచుల వైపు చూశారు.

"ఇవన్నీ ఎవరికమ్మాయ్?"

"అందరికీ సిస్టరమ్మా. ఇంకా సగం కొననేలేదు."

"క్రిస్మస్ నాడు మీ ఇంటికి భోజనానికి ఎవరొస్తున్నారు?"

ఆ ప్రశ్న నాకు వింతగా అనిపించింది. "ఎవరొస్తారు? ఇక్కడ ఆ రోజు అందరికీ డ్యూటీయే కదా. నేనూ ఆయనా సెలవు పెట్టాం, అంతే."

ఆవిడ మోకాళ్లు ఒత్తుకున్నారు. తర్వాత వాళ్ల నాన్నగారి ఇంటి సంగతి చెప్పారు. నేను అంతకుముందు ఎక్కడా విననిది.

వాళ్ల ఇంట్లో క్రిస్మస్ నాడు బయటి మనిషి ఒకరు వచ్చి తినేదాకా ఇంట్లోవాళ్లు ముద్ద ముట్టకూడదు. చర్చికి వచ్చేవాళ్లు లెక్కలోకి రారు. చుట్టాలు రారు. బయటి మనిషి కావాలి. "ఆ రాత్రి మరియమ్మకు ఊళ్లో చోటు దొరకలేదు కదా, అందుకని మనం ముందు చోటు చూపించి, ఆ తర్వాత కూర్చోవాలి," అనేవారట నాన్నగారు. మామూలుగా ఎవరో ఒకరు దొరికేవారు. ఒక ఏడు మాత్రం తుపాను గాలి, ముసురు. రోడ్డు మీద పురుగు లేదు. మధ్యాహ్నం దాటింది. పొయ్యి మీద కోడికూర వాసన, పిల్లలకు కడుపులో మంట. ఉపదేశిగారు గొడుగు వేసుకుని బయటికి వెళ్లి, చాలాసేపటికి ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. ఊరూరూ తిరుగుతూ కోతలైన చేలల్లో బాతులు మేపుకునే మనిషి. బాతుల్ని వదిలి రానన్నాడట. అందుకని బాతులు కూడా వచ్చాయి.

"ఇంటినిండా బాతులేనమ్మాయ్!" సిస్టరమ్మ నవ్వుతుంటే భుజాలు ఊగాయి. "మా అమ్మ కొత్త చీర మీద నుంచి నడిచి వెళ్లాయి. ఆయన తింటున్నంతసేపూ మేం గోడవారగా నిలబడి ఆయన నోటికేసే చూస్తున్నాం, ఎప్పుడవుతుందా అని. ఆయన కూర రెండోసారి వేయించుకుంటే మా చిన్నన్నయ్య ఏడ్చేశాడు."

దుఖాన్‌కి వచ్చిన మొదటి ఏడు ఆ పద్ధతి నిలబెట్టడం ఎలాగో ఆవిడకు తోచలేదట. అప్పటికి ఈ దేశంలో చర్చిలు లేవు. స్టాఫ్ క్వార్టర్స్‌లో ఎవరో ఒకరి ముందుగదిలో నలుగురూ చేరి, తగ్గుగొంతుతో పాడుకుని ప్రార్థన చేసుకునేవారు. క్రిస్మస్ నాడు ఆవిడకు డ్యూటీ. గదిలో ఒక్కరే కూర వండుకున్నారు. తినడానికి మనసొప్పక, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. కాలికి కట్టుకట్టిన ముసలి అరబ్బు ఒకాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. డబ్బా చూసి, ఆవిడ ఇస్త్రీ యూనిఫాం చూసి, "ఈద్?" అని అడిగాడట, పండగా అని. "ఐవా, ఈద్," అని అవునన్నారు. ఆయన రెండు ముద్దలు తిని, కారానికి కళ్లు తుడుచుకుని, తలగడ పక్కన ఉన్న ఖర్జూరాలు గుప్పెడు తీసి ఆవిడ అరచేతిలో పోశాడు. "మా అమ్మ తర్వాత నాకు పండగకు చేతిలో తీపి పెట్టింది ఆయనే," అన్నారు సిస్టరమ్మ.

అంతా చెప్పి, లేవడానికి నా భుజం పట్టుకుని, "ఈ ఏడు అతిథి మీ ఇంటికి. నేను పిలుచుకొస్తా. నువ్వు వండు," అన్నారు.

సరేనన్నాను. నిజం చెప్పాలంటే, ఇంకో పని నెత్తిన పడిందనే అనుకున్నాను.

క్రిస్మస్ నాడు పొద్దున్నే ఆరాధనకి వెళ్లి వచ్చి వంట మొదలుపెట్టాను. మటన్ బిర్యానీ, కోడి వేపుడు, చేపల పులుసు. కేకు ముందురోజే తెచ్చి ఉంది. మధ్యాహ్నం అవుతుండగా గేటు దగ్గర సిస్టరమ్మ గొంతు వినిపించింది. ఎవరినో బతిమాలుతున్నారు. బయటికి వెళ్లి చూశాను. గేటు అవతల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా, మాసిన గడ్డం, చేతిలో టోపీ. పేరు గంగారాం. జగిత్యాల వైపు. ఇండస్ట్రియల్ ఏరియాలో కూలీల క్యాంపు, సెంట్రింగ్ పని. చర్చి వాళ్లు క్యాంపుల్లో బీపీ, షుగరు చూడటానికి వెళ్లినప్పుడు సిస్టరమ్మకు పరిచయమట.

"నమస్తే మేడం," అన్నాడు నన్ను చూసి. "నేను లోపటికి రాను. అమ్మకు ఫోన్లనే చెప్పిన, ఇంటలేదు. మా అవ్వ సచ్చిపోయింది మేడం. పెద్దకర్మ గూడ కాలే. మైల ఉన్నది నాకు. పండుగ ఇంట్ల కాలు పెట్టొద్దు."

అవ్వ అంటే వాళ్ల వైపు అమ్మే. సిస్టరమ్మ అతని చెయ్యి వదల్లేదు.

"మా పండగకి మైల అంటదు నాయనా," అన్నారు. "పుట్టినాయన పశువుల కొట్టంలో పుట్టాడు. నువ్వు నా మాట విని లోపలికి రా. నీళ్లన్నా తాగి వెళ్లు."

అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు గానీ సోఫాలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. మావారు ఒక నిమిషం చూసి, తనూ వచ్చి కింద కూర్చున్నారు. నేను పళ్లెంలో బిర్యానీ పెట్టి తెచ్చాను. అతను పళ్లెం చూసి, తల దించుకుని, "నీసు తినద్దు మేడం. గుడ్డు గూడ," అన్నాడు మెల్లగా, తప్పు చేసినవాడిలా.

వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. రెండు వారాలుగా కొన్నవన్నీ నా కళ్ల ముందు ఉన్నాయి. ఫ్రిజ్ తలుపు సరిగా మూతపడటం లేదు. బల్ల మీద కేకు, దాంట్లో గుడ్డు. పొయ్యి మీద మూడు రకాలు, మూడూ నీసే. గది మూలన రంగు కాగితాల్లో చుట్టిన పెట్టెలు నా నడుం ఎత్తు ఉన్నాయి. ఇంటికి వచ్చిన ఒక్క మనిషికి పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

సిస్టరమ్మ వెనకే వచ్చారు.

"కందిపప్పు ఉందా?"

"ఉంది."

"మాంసం వండని గిన్నె?"

లేదు. అన్నిట్లోనూ ఏదో ఒకటి వండేశాను. అప్పుడు గుర్తొచ్చింది. మహిళా సమాజం బహుమతి కోసం కొన్న చిన్న కుక్కరు ఆ పెట్టెల్లోనే ఎక్కడో ఉంది. మావారిని పిలిచాను. ఆయన పెట్టెలు ఒక్కొక్కటీ పక్కకు జరిపి, దాన్ని లాగి, కాగితం చింపారు.

"డాడీ, అది గిఫ్టు కదా?" అన్నాడు జోయెల్.

"అవును, గిఫ్టే," అన్నారు సిస్టరమ్మ, కుక్కరు నా చేతికి ఇస్తూ.

పప్పు ఉడకడానికి పట్టినంతసేపు పట్టింది. ఆ ఇంట్లో డిసెంబరు నెలలో ఎవరూ ఏ పనీ లేకుండా అలా కూర్చున్నది అదే మొదటిసారి అనుకుంటాను. పిల్లలకు ఆకలి. బహుమతులు ఎప్పుడు విప్పుతామని కెజియా ఒకసారి అడిగింది. "అంకుల్ తిన్నాక," అన్నారు మావారు. అది మళ్లీ అడగలేదు. ముందుగదిలో సిస్టరమ్మ గంగారాంని అడుగుతున్నారు, "మీ అమ్మ ఏం చేసేది నాయనా?"

"బీడీలు చేస్తుండెనమ్మ. మమ్ముల ముగ్గుర్ని బీడీలు చేసే సాదింది. నేను ఖతార్ల ఉన్న అంటే ఆమెకు నోరు తిరుగకపోవు. నా కొడుకు దుబాయ్‌ల ఉన్నడు అనే చెప్పుకునేది అందరికి." టోపీని చేతుల్లో తిప్పాడు. "పెద్దకొడుకును నేను. తమ్ముడు కొరివి పెట్టిండు. టికెట్ దొరికి నేను పోయేసరికి అయిపోతదని అన్నరు. ఆగకుండ్రి, కానియ్యిండ్రి అన్న. ఫోన్ల చూసిన. నెట్టు ఆగుకుంట ఆగుకుంట వచ్చింది. కొరివి పెట్టే కాడికి అచ్చి మొత్తమే ఆగిపాయె."

కుక్కరు కూత వేసింది. కాసేపటికి సిస్టరమ్మ, "పప్పు ఎలా చేసేది మీ అమ్మ?" అని అడిగారు.

"చింతకాయ ఏసేది. పుల్లగ ఉంటుండె."

నా దగ్గర చింతకాయ ఎక్కడిది. చింతపండే ఇంకొంచెం నానబెట్టి పిండాను.

అతను మొదటి ముద్ద కలిపి, నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. ముద్ద పళ్లెంలో పెట్టి, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. సిస్టరమ్మ అతని పక్కనే పీట మీద కూర్చుని ఉన్నారు. వీపు మీద చెయ్యి వేశారు. చాలాసేపటికి, "తిను నాయనా. చల్లారిపోతుంది," అన్నారు. అతను తిన్నాడు. ముందు మెల్లగా, తర్వాత ఆకలిగా. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మజ్జిగ పోసుకున్నాడు. అప్పుడు సిస్టరమ్మ మా వైపు తిరిగి, "ఇక మీరు కూర్చోండి," అన్నారు.

బిర్యానీ అప్పటికి ఎండిపోయింది. పిల్లలు ఎండినదే పోటీపడి తిన్నారు. ఆ సాయంత్రం మావారు గంగారాంని కారులో క్యాంపుకి దించి వచ్చారు. "దార్లో ఏమన్నాడు?" అని అడిగాను. "మీ పండుగ కరాబు చేసిన అనుకోకండ్రి సార్ అన్నాడు," అని చెప్పి, ఆయన కారు తాళాలు బల్ల మీద పెడుతూ, "కుక్కరు బాగా పనిచేస్తోంది, మనమే ఉంచుకుందాం," అన్నారు. అలా ఉండిపోయింది. మహిళా సమాజానికి ఆ ఏడు ఒక దుప్పటి ఇచ్చాను.

ఆ రోజుతో నేను మారిపోయానని రాస్తే సిస్టరమ్మే నవ్వుతారు. ఇప్పటికీ మాల్‌కి వెళ్తాను. కొన్ని తగ్గాయి, అంతే. ఒకే రంగు బట్టల ఫోటో పోయింది. ఊరికి పంపే పెట్టె చిన్నదైంది. ఆవిడకు దుకాణాలంటే కోపమేమో అని కూడా అనుకోకండి. మరుసటి ఏడాది నాతో పాటు హైపర్ మార్కెట్‌కి వచ్చి, అక్కడ నిలబెట్టిన పెద్ద క్రిస్మస్ చెట్టు చూసి చిన్నపిల్లలా సంబరపడ్డారు. దాని ముందున్న బెంచీ మీద కూర్చుని, "నువ్వు వెళ్లి కొనుక్కో, నేను ఇక్కడ ఉంటా," అన్నారు. నేను తిరిగి వచ్చేసరికి తలకు మెరిసే నక్షత్రాల బ్యాండు పెట్టుకుని ఉన్నారు. సొంత డబ్బుతో కొన్నదట. నేత చీర మీద అది ఎర్రగా, పచ్చగా వెలుగుతోంది. ఆ రోజు ఇంటికి వస్తూ అన్న మాట మాత్రం నాకు ఉండిపోయింది. "కొన్నది ఎంత దూరమైనా పంపొచ్చమ్మాయ్. వండింది మటుకు ఎదురుగా కూర్చున్నవాళ్లకే పెట్టగలం."

ఆ తర్వాత ప్రతి ఏడూ అతిథి ఒక ఏడు వాళ్ల ఇంట్లో, ఒక ఏడు మా ఇంట్లో. ఒకసారి సూపర్ మార్కెట్లో బిల్లులు వేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఒకసారి ఎవరూ దొరకలేదు. పిలిచినవాళ్లకు డ్యూటీ మారిపోయింది. సిస్టరమ్మ ఇన్సులిన్ వేసుకోకుండా, తినకుండా కూర్చున్నారు. "షుగరు పేషెంటువి, నర్సువి, నువ్వే ఇలా చేస్తే ఎలాగత్తయ్యా!" అని కోడలు గోల పెట్టింది. అప్పుడే విల్లాకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. సిస్టరమ్మ వాకిట్లోకి వెళ్లి, పైపు తగిలించి నిలబడ్డ నేపాలీ డ్రైవరుని, "ఖానా ఖాయా?" అని అడిగారు. అతను లేదన్నాడు. ట్యాంకు నిండేలోపు భోజనమైంది.

గంగారాం, వాళ్లమ్మ పెద్దకర్మ అయిపోయిన చాలా రోజులకు సెలవు దొరికి ఊరెళ్లి వచ్చాడు. వచ్చేటప్పుడు సిస్టరమ్మకు ఒక సీసాలో చింతకాయ తొక్కు తెచ్చాడు. ఆ తర్వాత నెలకొకసారన్నా శుక్రవారం వచ్చి ఆవిడకు కనపడి వెళ్లేవాడు. ఆవిడ బీపీ చూసేవారు, అతను ఊరి కబుర్లు చెప్పేవాడు.

ఈ నవంబరు చివర సిస్టరమ్మకు జబ్బు దగ్గుతో మొదలైంది. ఊపిరితిత్తులకు పాకింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక కూడా, సెలైను మార్చడానికి వచ్చిన కేరళ నర్సును, "నువ్వు తిన్నావా, డ్యూటీ ఎన్నింటికి దిగుతావు?" అని అడిగారట. నేను చివరిసారి చూసినప్పుడు మాట సరిగా రావడం లేదు. చెయ్యి తిప్పి, వేళ్ల వెనకవైపుతో నా నుదురు తాకి చూశారు. జ్వరం ఆవిడకు.

భౌతికకాయాన్ని తెనాలి పంపే ముందు ప్రార్థన జరిగింది. తర్వాత పెట్టెను బండిలోకి ఎక్కించాలి. మనుషులు కావాలి. అప్పుడు చూశాను, గంగారాం వచ్చి ఉన్నాడు. ఎవరు చెప్పారో, కంపెనీలో ఎలా అడిగి వచ్చాడో తెలియదు. ఎవరూ పిలవకముందే ముందుకొచ్చి, కొడుకు పక్కన ముందు కొస పట్టుకున్నాడు. బండి తలుపు వేశాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కళ్లు పొడిగా ఉన్నాయి.

"ఈసారి నేను దగ్గర ఉన్న మేడం," అన్నాడు. "ఈసారి నేను మోసిన."

కొడుకూ కోడలూ ఆవిడతో పాటే ఊరు వెళ్లారు. పండగలోపు వస్తారో రారో తెలియదు. గోడ అవతల ఏ చప్పుడూ లేదు. లూడో బోర్డు మా ఇంట్లోనే ఉండిపోయింది. జోయెల్ దాన్ని తీయడం లేదు. ఈ ఇరవై ఐదున మా ఇంట్లో అందరికంటే ముందు ఎవరు తింటారో ఇంకా తెలియదు. ఎవరో ఒకరిని పిలుచుకు రావాలి. ఇప్పుడు ఆ పని నాది.

ఈ రోజుల్లో నాకు మళ్లీ మళ్లీ గుర్తుకొస్తున్నది ఆసుపత్రి కాదు, క్రిస్మస్ కూడా కాదు. పోయిన మార్చిలో ఒక మధ్యాహ్నం. ఒక్కసారి దుఖాన్ చూడాలని ఉందన్నారు సిస్టరమ్మ. మా కారులోనే తీసుకెళ్లాం. దారంతా చదునైన ఎడారి. ఆవిడ అద్దంలోంచి చూస్తూ కూర్చున్నారు. ఆవిడ ఉన్న క్వార్టర్స్ వైపు వెళ్లాలంటే పాసు కావాలన్నారు గేటు దగ్గర. "పోనీలే, సముద్రం దగ్గరికి పోదాం, దానికి పాసు అక్కర్లేదుగా," అన్నారు. అక్కడ చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని, నీళ్లలోకి నాలుగడుగులు నడిచారు. ఆ తీరంలో పెద్ద అలలుండవు. నీళ్లు ఆవిడ మడమల చుట్టూ వచ్చి పోతున్నాయి. ఎదురుగా పడవ కూడా లేదు, ఎండకు తెల్లబడిన నీళ్లే. ఎంతసేపు నిలబడ్డారో. గాలికి చల్లబడుతోందని పిల్లలు ఒడ్డు మీంచి పిలవడం మొదలుపెట్టారు. "మామ్మా! మామ్మా, రా!" ఆవిడ వెనక్కి తిరగలేదు. వస్తున్నానన్నట్టు ఒక చెయ్యి మాత్రం పైకెత్తి, అటే చూస్తూ ఇంకాసేపు నిలబడ్డారు.